కాఫీ పొడి వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "చింటూ! మీ నాన్నతో చెప్పు, ఆయనగారి చెల్లెలి మొగుడు వస్తున్నాడట. డబ్బాలో కాఫీ పొడి లేదు."

అవతారిక: ఆదివారం ఉదయం ఫోను పెట్టేసిన గృహిణి, ముందుగదిలో పేపరు చదువుతున్న భర్తనుద్దేశించి కొడుకుతో ఇట్లు పలుకుచున్నది.

ప్రతిపదార్థం: చింటూ = ఓయి కుమారా; మీ నాన్నతో = నాకు భర్తయు, ప్రస్తుతము పేపరు వెనుక నున్నవాడును అగు పురుషునితో; చెప్పు = తెలుపుము; ఆయనగారి = ఆ మహానుభావుని యొక్క; చెల్లెలి మొగుడు = సోదరీభర్త; వస్తున్నాడు + అట = విచ్చేయుచున్నాడని వార్త; డబ్బాలో కాఫీ పొడి లేదు = స్పష్టము.

తాత్పర్యం: సంచీ తీసుకుని తక్షణం కొట్టుకు పొమ్మని.

విశేషాలు: వచ్చేవాడు ఒక్కడే. అతడు ఈమెకు అన్నయ్యగారు, చింటూకు మామయ్య, నాయనమ్మకు అల్లుడుగారు. ఇన్ని పిలుపులుండగా 'ఆయనగారి చెల్లెలి మొగుడు' అననేల? జర్మనీలోని యేనాలో లెక్కలు చెప్పిన గోట్‌లోబ్ ఫ్రేగె 1892లో ఈ ముడినే విప్పబోయాడు. తెల్లవారుజాము వేగుచుక్క, పొద్దుగూకాక పడమట మెరిసే చుక్క రెండూ శుక్రగ్రహమే. అయినా 'అదీ ఇదీ ఒకటే' అంటే కొత్త సంగతి తెలుస్తుంది. 'అది అదే' అంటే ఏమీ తెలియదు. కనుక మాట చూపించే వస్తువు వేరు, ఆ వస్తువును అది చూపించే తీరు వేరు అన్నాడు. మొదటిది నిర్దేశ్యం, రెండోది భావం అనుకుందాం. మన శాస్త్రకారుల 'ప్రవృత్తినిమిత్తం' ఈ రెండోదానికి దగ్గరి చుట్టం. అచ్చంగా అదే అని మాత్రం నేననను. అన్నయ్యగారంటే అతిథి తన తరఫువాడవుతాడు. చెల్లెలి మొగుడంటే మర్యాదల ఖర్చంతా ఆయనగారి ఖాతాలో పడుతుంది. మనిషి అతడే, దారి మారింది.

'మొగుడు' విషయంలో జాగ్రత్త. 'భర్త' అన్నా నిర్దేశ్యం అదే, భావమూ అదే. తేడా రంగులో ఉంది. ఈ రంగును ఫ్రేగె భావంలో కలపకుండా విడిగా పెట్టాడు, అది వాక్యపు సత్యాసత్యాలను మార్చదని. సత్యం మారకపోవచ్చు గాని, ఆ మాట నాయనమ్మ చెవిన పడితే ఇంటి వాతావరణం మారుతుంది. తర్కానికి అది పట్టదు.

ఇక చింటూ వెళ్లి, "నాన్నా, మామయ్య వస్తున్నాడని అమ్మ చెప్పమంది" అన్నాడు. ఫ్రేగె ఇక్కడ అభ్యంతరం చెబుతాడు. 'అని' ముందర చేరిన మాటలు మనిషిని కాక, మామూలు వేళల్లో తమకుండే భావాన్నే సూచిస్తాయని ఆయన మతం. ఆ లెక్కన అమ్మ పలికిన భావం ఒకటి, కుర్రవాడు అప్పజెప్పింది వేరొకటి. పైగా తెలుగులో మేనత్త మొగుడూ మామయ్యే, తల్లి అన్నదమ్ముడూ మామయ్యే. వస్తున్నది బావమరిది కాబోలనుకుని ఆయన పేపరు ఇంకొంచెం పైకెత్తాడు. అమ్మ అంత వివరంగా 'చెల్లెలి మొగుడు' అన్నది కేవలం ఎత్తిపొడుపు కాదని ఇక్కడ తేలుతోంది. దీన్ని ఒట్టి దెప్పుగా చదివే వ్యాఖ్యాతలు తొందరపడ్డారు.

రెండో వాక్యం చిన్నదే గాని లోతైనది. 'డబ్బాలోని కాఫీ పొడి' అన్న మాటకు భావం ఉంది, చూపించడానికి వస్తువు లేదు, కుందేటికొమ్ము బాపతు. ఇంతలో పేపరు వెనుక నుంచి, "డబ్బాలోని పొడి బాగానే ఉందిగా!" అని వినిపించింది. నిర్దేశ్యం లేని మాటతో కట్టిన వాక్యం నిజమూ కాదు, అబద్ధమూ కాదు అంటాడు ఫ్రేగె. 1905లో బెర్ట్రండ్ రస్సెల్ దీనికి ఒప్పుకోలేదు. అటువంటి వాక్యం 'పొడి ఒకటి ఉంది' అని కూడా చెబుతోంది గనుక అది శుద్ధ అబద్ధమే అన్నాడు.

గృహిణి రస్సెల్ మతస్థురాలు. ఖాళీ డబ్బా తెచ్చి పేపరు మీద బోర్లించింది.