అసలయ్య వర్సెస్ మారయ్య

న్యాయసేవల దినోత్సవం సభలో పెద్దమనిషి సెలవిచ్చిన మాట మీరూ పేపర్లో చదివే ఉంటారు. "ఒక పేరు, ఒక ఆధార్, ఒక దరఖాస్తు. అంతే, లాయర్ ఉచితం!" చప్పట్లు మోగాయి. ముందు వరుసలో కూర్చున్న పాపానికి నేనూ కొట్టాను. నా పక్కనున్న రిటైర్డ్ కార్మికుడు మాత్రం చేతులు కట్టుకునే ఉన్నాడు. "ఒక పేరట" అన్నాడు మెల్లగా. "ఏ ఊరి ముచ్చట చెప్తున్నడో."

నిజమే. గోదావరిఖనిలో మైకు పట్టుకుని మనిషికి ఒక పేరు చాలనడం, ఇదే ఊళ్లో తెల్లచొక్కా మాయదని హామీ ఇచ్చినట్టే.

మారుపేర్ల సంగతి ఇక్కడ బడిపిల్లలకూ తెలుసు. బయటివాళ్ల కోసం రెండు ముక్కలు. ఒకప్పుడు బొగ్గుబాయిలకు తట్టా చెమ్మసూ పట్టే చేతులు కావలసి వచ్చాయి. ఒకడు పేరు రాయించుకుని, బాయిలో దిగి, ఆ చీకటి చూసి మర్నాడే ఊరెళ్లిపోయాడు. మస్టర్‌లో పేరు మిగిలింది, మనిషి లేడు. ఆ పేరులోకి ఇంకొకడు దిగాడు. ఒకడు బావమరిది కార్డు మీద వచ్చాడు. మరొకణ్ని ఒక గనిలో తీసేస్తే ఇంకో పేరుతో ఇంకో గనిలో చేరాడు. గొడ్డూగోదా అమ్మి పేరు కొనుక్కున్నవాళ్లూ ఉన్నారు. అలా ఊళ్లో ఒక పేరు, బాయి మీద ఒక పేరు. ఇప్పుడు ఆధార్‌కూ సింగరేణి కంపెనీ రికార్డుకూ పొంతన లేక, తండ్రి స్థానంలో కొడుకులకు రావాల్సిన ఉద్యోగాల ఫైళ్లు విజిలెన్స్ విచారణల కింద నలుగుతున్నాయి.

నేను ఇక్కడ ఎవరి పేరు రాసినా అది అసలుదా మారుదా అని మళ్లీ ఒక విచారణ పడుతుంది. అందుకని మన మనిషికి ఊళ్లో అసలయ్య అనీ, బాయి మీద మారయ్య అనీ నేనే బారసాల చేసేస్తున్నాను.

ఇక పెద్దమనిషి మాట ప్రకారం దరఖాస్తు పెడదాం. ఎవరి పేరు మీద?

1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం పన్నెండో సెక్షన్ తీయండి. ఉచిత లాయర్ ఎవరెవరికి ఇవ్వాలో అందులో వరుసగా ఉంటుంది. ఎస్సీ, ఎస్టీలు, మహిళలు, పిల్లలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవాళ్లు, విపత్తుల బాధితులు. ఆ వరుసలో బుద్ధిగా నిలబడి ఉంటాడు 'పారిశ్రామిక కార్మికుడు'. అతనికి ఆదాయ పరిమితి లేదు. జీతం ఎంతైనా సరే, ఓవర్‌టైం చేసినా, దీపావళికి బోనస్ పడినా సరే, లాయర్ ఉచితమే. ఈ సంగతి ఖనిలో ఎంతమందికి తెలుసో చౌరస్తాలో నిలబడి అడిగి చూడండి. అసలు సభలో చెప్పాల్సింది ఇదే. కాని దండలకే టైమంతా పోయింది.

కాబట్టి మారయ్య అర్హుడు. ముప్పై అయిదేళ్ల మస్టరే సాక్ష్యం.

మరి అసలయ్య? ఆయన ఏ గని రికార్డులోనూ లేడు. కార్మికుడు కాదు. పుట్టిన్నాటి నుంచి ఆయన పేరు మీద ఒక్క రూపాయి జీతం పడలేదు. ఇంత నిరుపేద దేశంలో ఇంకొకడు దొరకడు. ఆదాయం గురించి మామూలుగా అఫిడవిట్ ఇస్తే చాలంటుంది పదమూడో సెక్షన్. 'నాకు ఏ ఆదాయమూ లేదు' అని అసలయ్య నిక్షేపంగా ప్రమాణం చేయొచ్చు. అందులో అబద్ధం ఒక్క అక్షరం ఉండదు. ఇంకా ఉంది. ఆ వరుసలోనే 'వెట్టిచాకిరి బాధితుడు' అని కూడా ఉంది. ముప్పై అయిదేళ్లు బాయిలో చెమటోడ్చి, తన పేరున పైసా పుచ్చుకోనివాణ్ని వెట్టివాడు అనకపోతే ఇంకేమంటారు?

అంటే దరఖాస్తుదారులు ఇద్దరు. ఇద్దరూ అర్హులే. చట్టానికి పక్షపాతం ఉండకూడదు గనక ఇద్దరికీ చెరో లాయర్ని ఇవ్వాల్సిందే. ఇద్దరు లాయర్లు వచ్చాక కేసు లేకపోతే బాగుండదు కదా. పడింది.

వాది అసలయ్య: "నా ఊపిరితిత్తులు, నా మోకాళ్లు, నా వయసూ వాడుకుని ప్రతివాది జీతం తీసుకున్నాడు. వడ్డీతో సహా ఇప్పించండి."

ప్రతివాది మారయ్య: "నా పేరు లేకపోతే ఇతన్ని గేటు దాటనిచ్చేవాళ్లా? ముప్పై అయిదేళ్ల పేరు కిరాయి బాకీ ఉన్నాడు. ముందు అది కట్టించండి."

నోటీసుల దగ్గరే మొదటి వాయిదా పోయింది. కోర్టు మనిషి కంపెనీ క్వార్టర్ తలుపు తట్టి "మారయ్య ఉన్నడా?" అన్నాడు. లోపలి నుంచి వచ్చిన మనిషి "ఉన్నడు" అని నోటీసు తీసుకుని, అలవాటు కొద్దీ అసలయ్య అని సంతకం పెట్టాడు. ప్రతివాది నోటీసు వాది తీసుకుంటే చెల్లుతుందా అని లాయర్లు ఒక పూట వాదించుకున్నారు.

తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్.

"ప్రతివాది మారయ్య మీకు తెలుసా?"

"ఎరికే సార్. చిన్నప్పటి సంది."

"చివరిసారి ఎప్పుడు చూశారు?"

"పొద్దుగాల. గడ్డం గీసుకుంటాంటే అద్దంల కనవడ్డడు."

"మీ ఇద్దరి మధ్య గొడవలేమైనా ఉన్నాయా?"

"ఏం లేవు సార్. ఫస్ట్ షిఫ్టుకు ఆయన పోతడు, ఇంటికి నేనొస్త."

"ఇద్దరూ ఎప్పుడైనా ఒకేచోట ఉన్నారా?"

ఇక్కడ సాక్షి కొంచెం ఆలోచించాడు. "ఒక్కసారి, సార్. పైకప్పు కూలినప్పుడు. కాలు విరిగి స్ట్రెచర్ మీద పోతాంటే సర్దార్ మారయ్యా మారయ్యా అని పిలుస్తాండు. నేను అవ్వా అని మొత్తుకుంటాన. మా అవ్వకు మారయ్య ఎవరో తెల్వదు."

కోర్టు వాయిదా పడింది.

ఓట్ల సంగతి కూడా రికార్డులోకి వచ్చింది. 1998 నుంచి బాయిల మీద గుర్తింపు సంఘం ఎన్నికలు జరుగుతున్నాయి. అందులో ఓటేసేది మారయ్య. అసెంబ్లీకీ, పార్లమెంటుకూ వేలికి సిరా పూయించుకునేది అసలయ్య. ఒకే వేలు. ప్రజాస్వామ్యం ఆ వేలిని రెండు పేర్లతో వాడుకుంది గాని ఎవరికీ అభ్యంతరం రాలేదు. పైగా 'మారుపేర్లు సరిచేస్తాం' అన్న హామీ ఆయనకు రెండు ఎన్నికల్లోనూ దొరికింది. ఒకే హామీని రెండుసార్లు అందుకున్న ఓటరు ఇంకెక్కడా ఉండడు. అది కూడా ఆదాయం కింద లెక్కకట్టాలని మారయ్య లాయర్ వాదించాడు. అమలు కానిది ఆదాయం కాదని కోర్టు కొట్టేసింది.

ఇలా తేలదని చివరికి కేసును లోక్ అదాలత్‌కు పంపారు. అక్కడ రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఇద్దర్నీ, అంటే ఒకణ్ని, ఎదురెదురుగా కూర్చోబెట్టారు. పంపకాలు జరిగాయి. ప్రావిడెంట్ ఫండ్ మారయ్యకు, మోకాళ్ల నొప్పి అసలయ్యకు. సన్మానం నాటి శాలువా మారయ్యకు, దగ్గు అసలయ్యకు. కొన్నాళ్లలో ఖాళీ చేయాల్సిన క్వార్టర్ మారయ్యకు, ఖాళీ చేసి పోవాల్సిన ఊళ్లో కూలిన ఇల్లు అసలయ్యకు. కొడుకు దగ్గర పేచీ వచ్చింది. కొడుకు అసలయ్యవాడు, ఉద్యోగం మారయ్యది. కొడుకు సర్టిఫికెట్లో తండ్రిగా మారయ్య లేడు, మారయ్య రికార్డులో ఆ కొడుకు లేడు. మారయ్య అసలయ్య కొడుకుని దత్తత తీసుకుంటే సరిపోతుందని ఒక సభ్యుడు సలహా ఇచ్చాడు. 'కన్నతండ్రి అభ్యంతరం లేదని రాసివ్వాలి' అన్నారు. రాసిచ్చాడు. సంతకం పోలి ఉందని వెనక్కి పంపారు.

మిగతా అంశాల మీద రాజీ అయిందని ఫొటో తీశారు. మన మనిషి తన కుడిచేతిని తన ఎడమచేత్తో పట్టుకుని కరచాలనం చేస్తున్న ఆ ఫొటో జిల్లా పేజీలో వచ్చింది. కింద 'రాజీమార్గమే రాజమార్గం' అని వేశారు.

ఇంత జరిగినా ఈ కేసులో కంపెనీ పార్టీ కాదు. ఎందుకు కావాలి? పేరు మార్చుకోవడం కంపెనీలకు తప్పు కాదు కదా. 1886లో ఇల్లెందు బొగ్గు మీద హక్కులు తెచ్చుకున్న కంపెనీ పేరు హైదరాబాద్ (దక్కన్) కంపెనీ. 1920 డిసెంబర్‌లో సింగరేణి కాలరీస్ కంపెనీ పుట్టి, ఆ పాత కంపెనీ ఆస్తులూ అప్పులూ అన్నీ తన పేరు మీదికి తెచ్చుకుంది. ఒక పేరు మీది గనులు ఇంకో పేరు మీదికి ఎలా వచ్చాయని విజిలెన్స్ విచారణ ఎవరూ వేయలేదు. ఇల్లెందు నుంచి బెల్లంపల్లి దాకా బొగ్గు మారుమాట్లాడకుండా కొత్త పేరుకి పైకొచ్చింది. మా ఊరి సంగతే చూడండి. 2016 అక్టోబర్ దాకా కరీంనగర్ జిల్లా, ఇప్పుడు పెద్దపల్లి జిల్లా. ఊరు కదల్లేదు, పేరు కదిలింది. పేర్లు మారితే పుట్టి మునగదని సర్కారుకి తెలుసు, కంపెనీకి తెలుసు. తట్ట మోసినవాడి దగ్గరికి వచ్చేసరికే ఆ తెలివి పోతుంది.

ల్యాంప్ రూంలో దీపం ఇచ్చేటప్పుడు అడిగారా నీ పేరేంటని? షిఫ్టులో మనిషి తక్కువైతే, అసలయ్యో మారయ్యో, ఎవరో ఒకడు దిగితే చాలని గేటు దగ్గర చేయి పట్టి లాగినవాళ్లకు తెలియదా ఇతనెవరో? తోటి కార్మికులకు తెలుసు. సర్దార్‌కు తెలుసు. ఓవర్‌మన్‌కు తెలుసు. టైం ఆఫీసులో తెలియదనుకోవడానికి నాకు మనసొప్పదు. చందా రాసిన ప్రతి యూనియన్‌కూ తెలుసు. ముప్పై అయిదేళ్లు అందరికీ తెలిసిన మనిషి, డబ్బు చెల్లించాల్సిన రోజున ఒక్కసారిగా అపరిచితుడయ్యాడు.

2003 జూన్ 16న ఇక్కడి 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు విరుచుకుపడి పదిహేడు మందిని మింగాయి. ఆ నీళ్లు మస్టర్ చూసి రాలేదు. బాయిలో చావుకి ఆధార్ లింకు అక్కర్లేదు, బతికి పైకొచ్చినవాడి బాకీ తీర్చడానికే కావాలి. నిజంగా ఇంకొకడి నోటి కూడు లాక్కున్నవాడుంటే పట్టుకోండి, ఎవరొద్దన్నారు? ఫారం-బి రిజిస్టర్ మీ దగ్గరే ఉంది. వేలిముద్ర, ఫొటో, పక్కన నిలబడి చెప్పడానికి తోటివాళ్లు ఉన్నారు. నెల రోజుల పని. ఆ నెల రోజులు దొరకక ఏళ్లు గడిచాయి. కారుణ్య నియామకానికి వయోపరిమితి ముప్పై అయిదు నుంచి నలభైకి పెంచారు, సంతోషం. ఫైలు ఎన్నేళ్లు పడుకోవచ్చో మాత్రం పరిమితి పెట్టలేదు. ఫైలు లేచేలోపు కొడుకు నలభై దాటుతున్నాడు.

ఆర్థిక కారణాల వల్లగాని, మరే ఇతర అశక్తత వల్లగాని ఎవరికీ న్యాయం అందకుండా పోకూడదని రాజ్యాంగంలో 39-ఎ అధికరణం చేర్చింది 1976లో. రాసినవాళ్లు 'మరే ఇతర' అనడంలోనే అసలయ్యకు చోటు పెట్టారని నేను నమ్ముతున్నాను. నిందితుడు నోరు తెరిచి లాయర్ని అడగలేదు కాబట్టి ఇవ్వలేదంటే చెల్లదని సుప్రీంకోర్టు సుక్‌దాస్ కేసులో 1986లోనే చెప్పింది. చదువురానివాడికి అడగాలని ఎలా తెలుస్తుంది అంది. అది క్రిమినల్ కేసు మాట, నాకు తెలుసు. కాని ఆ మాటలోని ఇంగితం సివిల్ కేసుకు పనికిరాదా? పెద్దమనిషి గారూ, ఇక్కడ అడగడం తెలియక కాదు, ఏ పేరుతో అడగాలో తెలియక జనం కూర్చుని ఉన్నారు. వాళ్లకి కావలసింది న్యాయసహాయానికి ఫోన్ చేయమంటూ 15100 నంబర్ అచ్చేసిన కరపత్రం కాదు. పక్కన కూర్చుని ఆ ఫారం నింపి, దాన్ని కంపెనీ బల్ల దాకా మోసుకెళ్లే ఒక మనిషి.

ఈ మధ్య ఒక ఆఫీసులో నా పని కోసం వరుసలో నిలబడ్డాను. ముందు ఒక ముసలావిడ. బల్లకి అటువైపు వాలంటీర్ అమ్మాయి దరఖాస్తు నింపుతోంది. ఆడమనిషి కాబట్టి ఆదాయంతో పని లేదు, లాయర్ని ఇస్తారు. పేరు రాసింది, వయసు రాసింది. "భర్త పేరు?" అని తలెత్తింది.

ముసలావిడ కొంగు ముడి విప్పి ప్లాస్టిక్ కవర్ తీసింది. అందులోంచి రెండు కార్డులు బల్ల మీద పెట్టింది. ఒకటి ఆధార్, ఒకటి కంపెనీ గుర్తింపు కార్డు. రెండింట్లోనూ అదే ముఖం, ఒకదాంట్లో మీసం నల్లగా, ఒకదాంట్లో నెరిసి. పేర్లు వేరు. అమ్మాయి దీన్నీ దాన్నీ మార్చి మార్చి చూసింది. పెన్ను గడి మీదే ఆగిపోయింది.

"ఏది రాయమంటవమ్మా?"

"ఏది రాస్తే పింఛన్ వస్తదో గదే రాయి బిడ్డా" అంది ముసలావిడ. "ఆయనేమనుకోడు."