ఎవరు తరుముతున్నారు నాయనా?

పోయిన జులైలో ఐర్లండ్‌లో, మిల్‌టౌన్ మాల్బేలోని ఒక పబ్బులో ఒక కుర్రవాడు ఇల్లన్ పైపులు వాయించాడు. ఇరవై రెండేళ్లుంటాయేమో. వేళ్లు కంటికి ఆనడం లేదు. నాట్యానికి వాయించే రీల్ ఒకటి ఎత్తుకుని, అది చెవిలో సర్దుకోకముందే రెండోది, దాని మీద మూడోది, అన్నీ కలిపి నాలుగు నిమిషాల్లో ముగించాడు. జనం బల్లలు చరిచారు, ఈలలు వేశారు, ఫోన్లు పైకెత్తారు. నా పక్కన ఎనభై దాటిన రైతు ఒకాయన కూర్చున్నాడు. పుట్టింది, పెరిగింది అక్కడికి మూడు మైళ్లలోనే. ఆయన గ్లాసు కింద పెట్టి నా చెవి దగ్గరకు వంగి, "డాక్టరు గారూ, ఆ రెండోది ఏ పాట?" అని అడిగాడు. నేను పేరు చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ రీల్ ఆయన పెళ్లినాడు వాయించినదట.

పెళ్లిపాటను పోల్చుకోలేకపోవడానికి ఆయన చెవుల్లో లోపమేమీ లేదు. ఆ పాట నిలబడి ముఖం చూపిస్తే కదా పోల్చుకోవడానికి!

నేను 1976లో డాక్టరుగా ఐర్లండ్ వచ్చాను. క్లేర్ కౌంటీలో ఉద్యోగం. తెలిసిన మొహం ఒక్కటి లేదు, చలికాలం సాయంత్రం నాలుగున్నరకే చీకటి, ఆగని వాన. నాకు గది అద్దెకిచ్చిన ముసలి వడ్రంగి శనివారం రాత్రుళ్లు వంటింట్లో పీట్ గడ్డల పొయ్యి ముందు కూర్చుని పైపులు వాయించేవాడు. మొదటిసారి మెట్ల మీద నుంచి విన్నాను. మా ఊరి వీధి భాగవతాల్లో శ్రుతి కోసం మేకతోలు తిత్తి ఊదేవారు. ఆ తిత్తి గుమ్మనే చప్పుడు నా చిన్నప్పటిది. వేల మైళ్ల దూరంలో, పరాయి వంటింట్లో, అలాంటి గుమ్మే వినపడేసరికి కాళ్లు కిందికి దిగాయి. తర్వాత పదేళ్లపాటు ఆయన దగ్గర నేర్చుకున్నాను.

తెలియనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. స్కాట్లండ్ సిపాయిలు నిలబడి నోటితో ఊదే బ్యాగ్‌పైపు వేరు, ఇది వేరు. ఇది కూర్చుని వాయించేది. నోటితో పనే లేదు. కుడి మోచేతి కింద కొలిమితిత్తి లాంటి చిన్న తిత్తి ఉంటుంది. మోచేయి ఆడిస్తే గాలి ఎడమ చంకలోని సంచిలోకి పోతుంది. ఐరిష్ భాషలో 'ఇల్లన్' అంటే మోచేతిదని. తొడ మీద అడ్డంగా మూడు డ్రోన్లు శ్రుతి పడతాయి. వాటి పక్కనే మూడు రెగ్యులేటర్లు. వాటి మీటలను మణికట్టు అంచుతో నొక్కితే రెండు మూడు స్వరాలు కలిసి పలుకుతాయి. పాట పలికేది చాంటర్ అనే గొట్టం. దానికి రెండు స్థాయిలు. పై స్థాయి పలకాలంటే సంచిని ఇంకాస్త అదమాలి. ఆ 'ఇంకాస్త' ఎంతో చంకకు తెలియడానికే నాకు ఏడాది పట్టింది. మొదటి రెండు నెలలు మా గురువు పాట ఊసే ఎత్తనివ్వలేదు. గాలి వణక్కుండా ఒక్క స్వరం నిలపమన్నాడు, అంతే.

అసలు విషయం ఇక్కడుంది. స్కాటిష్ పైపుకు మౌనం లేదు. సంచిలో గాలి ఉన్నంతసేపూ మోగుతూనే ఉంటుంది. ఇల్లన్ పైపుకు మాత్రం చాంటర్ అడుగు కంతను మోకాలి పైన కట్టుకున్న తోలుముక్కకు ఆనిస్తే ఆ కంత మూసుకుపోతుంది. వేళ్లు కూడా అన్నీ మూస్తే చాంటర్ పూర్తిగా ఆగుతుంది. అంటే స్వరానికీ స్వరానికీ నడుమ వెంట్రుకవాసి మౌనం పెట్టవచ్చు. అలా విడగొట్టి వాయించే పద్ధతిని 'టైట్' అంటారు. మూయకుండా స్వరాలను ఒకదానిలోంచి ఒకటి పారనివ్వడం 'ఓపెన్'. మంచి పైపరు ఒకే పాటలో రెండూ కలుపుతాడు. తోలుముక్క మీద ఆ చిన్న టప్పు, ఆ వెంటనే మౌనం, మళ్లీ స్వరం. ఇదీ ఈ వాద్యం ప్రాణం. వేగం మితిమీరితే మొదట పోయేది ఈ మౌనమే.

తర్వాత పోయేది క్రాన్. చాంటర్ మీద అట్టడుగు స్వరాన్ని అలంకరించాలంటే దాని కింద తట్టడానికి ఇంకో స్వరం లేదు. అందుకని పై వేళ్లతో ఒకటి వెంట ఒకటి తాళంలో తడతారు. అది క్రాన్. కుదురుగా పడితే రాళ్ల మీద నీళ్లు గలగలమన్నట్టుంటుంది, ఒక్కొక్క తట్టూ లెక్కపెట్టవచ్చు. ఇప్పటి వేగంలో అది ఒట్టి గరగర. గొంతులో ఏదో అడ్డుపడినట్టు.

మా రోజుల్లో ఒక మాట ఉండేది. పైపరు తయారు కావడానికి ఇరవై ఒక్క ఏళ్లు పడుతుందని. ఏడేళ్లు నేర్వడం, ఏడేళ్లు సాధన, ఏడేళ్లు వాయించడం. పెద్దలు ఆ మాట నవ్వుతూ అనేవారు కాదు.

పైపరు షేమస్ ఎనిస్‌ను నేను విన్నాను. 1982లో ఆయన పోవడానికి కొన్నేళ్ల ముందు. పొడుగాటి మనిషి, పొడుగాటి వేళ్లు. 1942 నుంచి ఐదేళ్లపాటు జానపద కమిషన్ తరఫున సైకిలు మీద పడమటి ఊళ్లన్నీ తిరిగి పాటలు సేకరించినవాడు. కొనెమారాలో ఒక్క గాయకుడి దగ్గరే రెండు వందలకు పైగా రాసుకున్నాడు. ఆయన పాట వాయించే ముందు దాని కథ చెప్పేవాడు. 'బంగారు ఉంగరం' అనే జిగ్ ఉంది, అదీ నాట్యపాటే. దేవతలు పోగొట్టుకున్న ఉంగరాన్ని ఒకాయన తిరిగి ఇచ్చేస్తే, బదులుగా వాళ్లు ఆ పాటనిచ్చారని కథ. ఎనిస్ ఆ కథను తొందరపడకుండా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి చెప్పి, అదే ఊపిరితో పాటలోకి దిగేవాడు. ప్రదర్శన అంటే అదీ. గదిలో నలభై మంది ఉన్నా, కుర్చీ కిర్రుమన్నా వినపడేది.

ఇంకో సంగతి. నెమ్మదిపాట, స్లో ఎయిర్ అంటారు, అది అసలు ఐరిష్ భాషలో పాడే పాట. మాటలు తెలిస్తేనే ఊపిరి ఎక్కడ తీయాలో తెలుస్తుంది. ఎనిస్‌కు మాటలు తెలుసు. మిల్‌టౌన్ పైపరు విల్లీ క్లాన్సీకి తెలుసు, ఆయన గాయకుడు కూడా. ఇప్పటి పిల్లల్లో ఎంతమంది ఆ మాటలు నేర్చుకుని ఎయిర్ వాయిస్తున్నారు? ఏడుపు రప్పించే సినిమా నేపథ్యంలా సాగదీస్తున్నారు. 'బ్రేవ్‌హార్ట్', 'టైటానిక్' వచ్చాక పైపులంటే కన్నీళ్లకు వాడే సామగ్రి అయిపోయింది. రీల్ వస్తే పరుగు, ఎయిర్ వస్తే సాగదీత. రెండింటి నడుమ మనిషి నడిచే నడక ఒకటుందని మరిచిపోయారు.

నా మాటలను ముసలివాడి సణుగుడని కొట్టిపారేసేవాళ్లు వెంటనే జానీ డోరన్ పేరెత్తుతారు. ఎత్తాల్సిందే. ఆయన సంచారి జాతివాడు. గుర్రపు బండిలో ఊరూరా తిరిగి సంతల్లో, పందేల దగ్గర వాయించి బతికినవాడు. ఉరికే ఏరులాంటి వాయింపు, వేగమూ ఉంది, ఊపూ ఉంది. 1936లో ఇదే మిల్‌టౌన్ గుర్రప్పందేల దగ్గర ఆయన్ను చూశాకే పదిహేడేళ్ల విల్లీ క్లాన్సీకి పైపుల పిచ్చి పట్టింది. 1947లో జానపద కమిషన్ వాళ్లు ఆయన వాయింపును డిస్కుల మీద రికార్డు చేశారు. మరుసటి ఏడాది డబ్లిన్‌లో ఒక గోడ కూలి ఆయన బండి మీద పడింది. నడుము చచ్చుబడి 1950లో పోయాడు. ఆ కాసిని డిస్కులే మనకు మిగిలాయి. నేను వందలసార్లు విన్నాను. ఎంత ఉరికినా ఒక్క స్వరం కూడా తడబడి ఇంకోదాని మీద పడదు. రెగ్యులేటర్లు తాళం పట్టి కొడుతుంటే, అడుగు స్వరం వచ్చిన చోటల్లా పాట నేల మీద నిలబడుతుంది. ఆ మనిషి ఎక్కడికి పోతున్నాడో ఆయనకు తెలుసు. వేగానికీ తొందరకూ తేడా తెలియాలంటే ఆ రికార్డులు వినాలి. అవి విన్నానని చెప్పి, వాటిలోని వేగం ఒక్కటే ఎత్తుకుపోయినవాళ్ల మీదే నా కోపం.

ప్రదర్శన కూడా కొత్తదేమీ కాదు. గాల్వే కౌంటీలో 1865లో పుట్టి పసితనంలోనే అమెరికా చేరిన పాట్సీ టూహీ వాడవిల్ రంగస్థలం మీద హాస్యం ఆడుతూ పైపులు వాయించి బతికాడు. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో వాయించాడు. మైనపు సిలిండర్ల మీద తానే రికార్డు చేసి టపాలో అమ్మాడు. అంతటి రంగస్థలం మనిషి వాయింపు ఎలాంటిదో తెలుసా? పక్కా టైట్. ప్రతి స్వరం చెక్కిన రాయిలా విడిగా. జనాన్ని నవ్వించడం ఒక పని, పాట వాయించడం ఇంకో పని. ఒకదాని కోసం రెండోదాన్ని పాడుచేయలేదాయన.

మరి ఎక్కడ దారి తప్పింది? నా లెక్క ప్రకారం, పాదాలకూ పైపులకూ సంబంధం తెగిన చోట. 1935లో వచ్చిన డాన్స్ హాళ్ల చట్టం ఇళ్లలో డాన్సులను దెబ్బతీసింది. వంటింటి రాతిపలకల మీద నాలుగు జంటలు తిరుగుతుంటే వాయించినవాడికి ఎంత వేగం కావాలో ఎవరూ చెప్పనక్కర్లేదు, వాళ్ల కాళ్లే చెబుతాయి. 1970లలో బృందాలు వచ్చాయి. ప్లాంక్‌స్టీలో లియమ్ ఓఫ్లిన్, బోతీ బ్యాండ్‌లో పాడీ కీనన్. ఇద్దరూ గొప్పవాళ్లే, నేను టికెట్టు కొని నిలబడి విన్నాను. కానీ వినేవాళ్లు కూర్చున్నారు, వాయించేవాళ్లు వేదిక ఎక్కారు, పాదాలు పక్కకు తప్పుకున్నాయి. 1994 ఏప్రిల్ 30న యూరోవిజన్ పాటల పోటీ విరామంలో 'రివర్‌డాన్స్' నాట్యం ఏడు నిమిషాలు మెరిసింది. ఆ రాత్రి దేశమంతా టీవీ ముందుంది, నేనూ ఉన్నాను, నాకూ ఒళ్లు గగుర్పొడిచింది. ఆ తర్వాత ప్రతి వేదికకూ ఆ ఉరుములే కావాల్సి వచ్చింది. ఇప్పుడు ఫోనులో అర నిమిషం వీడియో. అర నిమిషంలో ఏం చూపించగలరు, వేళ్ల వేగం తప్ప?

ఇక్కడ డాన్సర్ల దగ్గర నేర్చుకోవలసింది ఒకటుంది. ఐరిష్ పోటీ నాట్యంలో మెట్టు పెరిగేకొద్దీ సంగీతం నెమ్మదిస్తుంది. ట్రెబుల్ జిగ్ కింది మెట్టు పిల్లలకు నిమిషానికి 92 దెబ్బలు, పైమెట్టు వాళ్లకు 73. ఎందుకంటే చోటు దొరికితేనే పాదం పనితనం చూపగలదు. చోటు పెరిగితే దాచుకోవడానికి వీలుండదు. కాళ్లకు తెలిసిన ఈ సంగతి వేళ్లకు ఎందుకు తెలియడం లేదు?

కొన్నేళ్ల కిందట ఒక పోటీ చూశాను. ఏ పోటీయో చెప్పను. పదహారేళ్ల అమ్మాయి ఒక క్లేర్ జిగ్‌ను నిదానంగా, ప్రతి మౌనం తన చోట పెట్టి వాయించింది. అంధ పైపరు గారెట్ బారీ నుంచి వచ్చిన పాట అది. 1899లో పోయిన ఆ బారీ దగ్గర విల్లీ క్లాన్సీ తండ్రి విన్నాడు, తండ్రి నుంచి కొడుక్కు వచ్చింది. అంత దూరం చేతులు మారి వచ్చిన పాటను ఆ పిల్ల చేతుల్లో భద్రంగా చూశాను. బహుమతి ఆమెకు రాలేదు. మార్కుల కాగితం మీద 'ఇంకాస్త ఉత్సాహం కావాలి' అని రాసి ఉంది. ఆ పిల్ల మొహం చూడలేక బయటికి వచ్చేశాను. మరుసటి ఏడాది ఆమె వేగంగా వాయించింది, బహుమతి తెచ్చుకుంది.

మా కాలంలో అంతా బాగుండేదని నేననను. 1968లో 'నా పీబరీ ఇల్లన్' సంఘం పెట్టినప్పుడు ఈ వాద్యం వాయించేవాళ్లు వంద లోపే. నేను వచ్చాక కూడా రీడు పాడైతే బాగుచేసే మనిషి కోసం నెలలు ఆగేవాళ్లం. ఆడపిల్లలు పైపులు పట్టడం అరుదు. ఇప్పుడు ప్రపంచమంతా వేలమంది వాయిస్తున్నారు, 2017లో యునెస్కో జాబితాలో చేరింది, ఈ తరం పిల్లలు మా కంటే శ్రుతిశుద్ధంగా వాయిస్తారు. వాళ్ల సాధన చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. అందుకే బాధ. చేతకానివాడు తొందరపడితే పోనీలే అనుకోవచ్చు. ఇంత చేతనైన వేళ్లు పాటను తొక్కుకుంటూ పోతుంటే ఎలా ఊరుకోను?

ఆ కుర్రవాడికి ఆ రాత్రి చెప్పలేకపోయాను. చుట్టూ జనం. ఇప్పుడు చెబుతున్నాను. నాయనా, నిన్నెవరూ తరమడం లేదు. విల్లీ క్లాన్సీ పేరు మీద 1973 నుంచి మిల్‌టౌన్‌లో నడుస్తున్న సంగీత బడి వచ్చే జులైలోనూ ఉంటుంది. ఆ రెండో రీల్ ఒక్కటే తీసుకో. ముందు దాని పేరు చెప్పు, ఎవరి దగ్గర నేర్చుకున్నావో చెప్పు. చాంటర్‌ను మోకాలికి ఆనించు. ఇద్దరు డాన్సర్లను లేపి వాళ్ల కాళ్లు చూసి వాయించు. మూడుసార్లు తిప్పు, ఇంకో పాటలోకి దూకకు. ఆ రైతు తలుపు పక్క బల్ల మీదే కూర్చుంటాడు.