తోపు సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: "జబర్దస్త్‌లో తోపంటే సుధీరే. మిగతావాళ్లంతా సైడ్ క్యారెక్టర్లు."

అవతారిక. బెజవాడ ఏలూరు రోడ్డులో పొద్దుగూకే వేళ ఏ టీకొట్టు దగ్గర నిలబడినా ఈ సూత్రం చెవిన పడుతుంది. కర్త ఎవరో తెలియదు. సగం టీ తాగి, గ్లాసు కిందపెట్టి, మూతి తుడుచుకుని మరీ ఉచ్చరిస్తారు. సూత్రం వెలువడ్డాక ఇక అప్పీలు లేదు. ఎదుటివాడు నోరు తెరిస్తే "నీకు కామెడీ తెలీదులే బాబాయ్" అని భాష్యం కూడా వాళ్లే చెప్పేస్తారు.

పాఠాంతరం. ఒంగోలు ప్రతుల్లో "సుధీరే" అన్నచోట "ఆదే" అని ఉంది. సుడిగాలి సుధీర్‌ది బెజవాడ, హైపర్ ఆదిది ప్రకాశం జిల్లా కనుక లేఖకులు ఎవరి ఊరి పాఠం వాళ్లు దిద్దుకున్నారు. ఏది ప్రక్షిప్తమో తేల్చడం పరిష్కర్తల తలనొప్పి.

ప్రతిపదార్థం. తెలియనివారు లేరు కనుక వదిలేయడమైనది. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన కొలాచల మల్లినాథసూరి మన మెదకు సీమవాడే. ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన ముందే ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టు టీకొట్ల దగ్గర అమలైతే సాయంత్రానికి సగం కొట్లు కట్టేసుకోవాలి.

సందర్భం. 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో జబర్దస్త్ మొదలైంది. మరుసటి ఏడు ఎక్స్‌ట్రా జబర్దస్త్ వచ్చింది. చమ్మక్ చంద్ర, రాకెట్ రాఘవ, అదిరే అభి, చలాకీ చంటి, షకలక శంకర్, గెటప్ శ్రీను, ఆటో రాంప్రసాద్: బిరుదు లేని పేరు అక్కడ చెల్లదు. పూర్వం బిరుదు కోసం రాజుగారి కొలువులో పద్యం చెప్పి మెప్పించాలి. ఇక్కడ బిరుదు ముందు పుట్టి, ప్రతిభ దాని వెనకాల పరుగెత్తుకుంటూ వచ్చింది. కొందరి విషయంలో అందుకుంది కూడా.

"వీడా, వాడా" అనే తగువు డెల్టాకు కొత్తేమీ కాదు. తిరుపతి వేంకట కవులా, కొప్పరపు కవులా అని నూరేళ్ల క్రితం పండితులే పత్రికలకెక్కి తిట్టుకున్నారు. ఆ తర్వాత నిమ్మకూరు రామారావా, గుడివాడ పక్క రామాపురం నాగేశ్వరరావా అని ఒకే పంటకాలవ నీళ్లు తాగినవాళ్లు రెండు పార్టీలయ్యారు. అయితే ఆ తగువుల్లో ఒక మర్యాద ఉండేది. పద్యం చూపించి మాట్లాడేవారు, సీను చెప్పి వాదించేవారు. ఇప్పటి సూత్రకారుడు చూపించేది వేరు. సుధీర్ "సాఫ్ట్‌వేర్ సుధీర్"లో హీరో అయ్యాడా లేదా? అతని వీడియోకి వ్యూస్ ఎన్ని? ఎపిసోడ్‌కి ఎంత తీసుకుంటాడో తెలుసా? ఈ లెక్కన షకలక శంకర్ కూడా "శంభో శంకర"లో హీరోయే, గెటప్ శ్రీను కూడా "రాజు యాదవ్"లో హీరోయే. ఆ మాటంటే "అవి ఆడలేదుగా" అంటారు. అంటే నవ్వు సంగతి థియేటర్ కలెక్షను తేల్చాలన్నమాట. ఇంతసేపూ ఒక్క స్కిట్టు పేరు, ఒక్క డైలాగు, ఒక్క ముఖకవళిక చర్చలోకి రాదు. వ్యాఖ్యాతకు కడుపుమంట ఇక్కడే.

విశేషం. భరతముని హాస్యాన్ని రెండుగా చెప్పాడు. తాను నవ్వితే ఆత్మస్థం, ఎదుటివాణ్ణి నవ్విస్తే పరస్థం. సూత్రకారులంతా పరస్థం గురించే గొంతు చించుకుంటారు. ఆత్మస్థం మాటేమిటి? "నువ్వు ఎక్కడ నవ్వావురా అబ్బాయ్?" అని అడిగితే నీళ్లు నములుతారు.

నవ్వు ఆరు విధాలనీ ముని చెప్పాడు: స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. మొదటి రెండూ ఉత్తములకు, మధ్యవి మధ్యములకు, చివరివి అధములకు. పన్ను కనబడకుండా చెక్కిలి కదిపితే స్మితం. భుజాలూ తలా ఊగిపోతూ, కళ్లనీళ్లు కారుతూ, సందర్భం లేనిచోట నవ్వితే అపహసితం. పక్కటెముకలు పట్టుకుని అరిచి నవ్వితే అతిహసితం. జడ్జీల కుర్చీలో నాగబాబు, రోజా కూర్చున్న రోజుల్లో మొదటి నాలుగింటికీ పనిలేకపోయింది. పంచ్ పడకముందే నవ్వు వచ్చేది. భరతుడి లెక్కలో అది అస్థానం. టీవీ లెక్కలో నేపథ్యసంగీతం. 2019లో నాగబాబు వెళ్లిపోయాకగానీ ఆ నవ్వు ఎన్ని నీరసపు స్కిట్లను భుజాన మోసిందో చాలామందికి తెలియలేదు. ఈ లెక్కన తోపు నాగబాబేనని ఒక ఉపసిద్ధాంతం చేయవచ్చు. గ్రంథవిస్తరభీతి.

ఇక స్త్రీవేషం సంగతి. ఇది ప్రస్తుతానికి అక్కరలేదు గానీ వదలబుద్ధి కావడం లేదు.

బందరు రోడ్డు పట్టుకుని పామర్రు దగ్గర మళ్లితే కూచిపూడి. సిద్ధేంద్రయోగి భామాకలాపం ఆ ఊరి సొత్తు. అక్కడి భాగవతుల ఇళ్లలో పుట్టిన ప్రతి మగవాడూ జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని కట్టుబాటు. వేదాంతం సత్యనారాయణశర్మ ఆ వేషంతోనే దేశమంతా తిరిగి 1970లో పద్మశ్రీ అందుకున్నారు. కృష్ణ అవతల బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి రంగస్థలం మీద అదే సత్యభామగా జనాన్ని ఉర్రూతలూపి 1956లోనే ఆ గౌరవం పొందారు. చీర కట్టిన మగవాడు నాటకానికి నాయకుడు. టిక్కెట్టు అతని పేరు మీద తెగేది.

ఇంకొక సంగతి. భామ ప్రవేశించేటప్పుడు తెర మీదుగా జడ ఇవతలికి వేసేది. నన్ను మించినవాడుంటే వచ్చి ఈ జడ కోయండి అని సవాలు. చూడండి, "తోపెవరు" అన్న ప్రశ్న అప్పుడూ ఉంది. కానీ వేసింది వేషగాడు, ఒప్పుకోవలసింది కూడా వేషం కట్టగలిగినవాడే. చేతిలో టీగ్లాసు ఉన్నవాడికి కత్తెర ఇచ్చేవారు కాదు.

జబర్దస్త్‌లోనూ చీర కట్టిన మగవాళ్లు ఉన్నారు. మొదట్లో ఇంచుమించు ప్రతి స్కిట్టులో పెళ్లాం వాళ్లే, అత్త వాళ్లే. వినోద్, శాంతి స్వరూప్ లాంటివాళ్లు. కానీ కూచిపూడిలో సవాలు విసిరిన జడ ఇక్కడ పట్టుకు లాగడానికి పనికొచ్చింది. లావని, నలుపని, "అసలు ఆడదేనా" అని వేసే పంచ్ ప్రతిదీ ఆ చీర మీదే పడింది. నవ్వు టీమ్ లీడర్ ఖాతాలో, దెబ్బ లేడీ గెటప్ ఖాతాలో. తర్వాత సత్యశ్రీ, రౌడీ రోహిణి లాంటి ఆడవాళ్లే వచ్చి ఎదురు పంచ్ వేయడం మొదలుపెట్టారు. అయినా సూత్రంలో వాళ్ల పేర్లు లేవు, సైడ్ క్యారెక్టర్లు అన్న సమాసంలో కలిసిపోయారు.

అన్వయం. సుధీర్ మీదికి మళ్లీ వస్తే, అతను నవ్వించలేదని కాదు. నవ్వించాడు. ఎలా? అమ్మాయిల పిచ్చోడని శ్రీను ఏడిపిస్తే, రాంప్రసాద్ ప్రాసలు అల్లి పొడిస్తే, లీడరై ఉండి తానే బకరాగా నిలబడి పడ్డాడు. ఆ పడటమే అతని గొప్ప. శ్రీను బిల్డప్ బాబా కట్టి గొంతు, నడక, కనుబొమ్మ మార్చేస్తుంటే పక్కన నోరెళ్లబెట్టి చూసేవాడొకడు కావాలి. ముగ్గురిలో ఒకణ్ణి తీసేస్తే మిగిలిన ఇద్దరూ సగమే. అలాంటప్పుడు "సుధీరే" అనే ఏవకారం వ్యాకరణానికి కుదురుతుంది గానీ స్కిట్టుకు కుదరదు. అదే రంగస్థలం మీద తిరిగిన వేణు 2023లో "బలగం" తీసి జనాన్ని ఏడిపించాడు. టీకొట్టు సూత్రాల్లో ఏ పాఠంలోనూ అతని పేరు కనబడదు.

తాత్పర్యం రాయమంటారా? వ్యాఖ్యాత ఓటు చమ్మక్ చంద్ర స్కిట్టులో పెళ్లాంగా నిలబడ్డ వినోద్‌కు. మొగుడు గంటసేపు వాగుతుంటాడు. వినోద్ ఏమీ అనడు, చూస్తాడంతే. ఆ చూపుకే మొగుడి మాట గొంతులో ఆగుతుంది, హాలు నవ్వుతుంది, ఆఖర్న పదికి పది మార్కులు చంద్రకి పడతాయి.