దాచుకోవటానికి మనకేముంది? ఈ ఆరు సలహాలూ పాటించకండి

ఫోన్లు, ఆధార్, కంపెనీల మాట వస్తే చాలు, పల్నాట్లో ప్రతి టీకొట్టు దగ్గరా, ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ సలహాలకు కొదవుండదు. చెప్పేవాళ్ళకు చెడ్డ బుద్ధేమీ లేదు. కానీ నరసరావుపేట, మాచర్ల, గురజాల వైపు తరచూ వినబడే ఈ ఆరు సలహాలూ చివరికి చేసే పని ఒకటే. మన వివరాలు తీసుకున్నవాణ్ని వదిలేసి, నష్టాన్ని ఇచ్చినవాడి మెడకు చుడతాయి. అందుకే వీటిని పాటించొద్దంటున్నాను.

1. "దాచుకోవటానికి మన దగ్గర ఏవుందిలే బాబాయ్!"

వేలిముద్ర ఉంది. పొలం కొన్న ప్రతి రైతూ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అది వేసే ఉంటాడు. 2018లో తెలంగాణలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని దస్తావేజుల నుంచి ముద్రలు తీసి, రబ్బరు ముద్రలు చేయించి, వాటితో వేల సిమ్ కార్డులు యాక్టివేట్ చేసి దొరికిపోయాడు. అదే రకం ముద్రతో బ్యాంకు ఖాతాలోంచి డబ్బు కూడా లాగొచ్చు. ఆధార్ ద్వారా డబ్బు తీసే చిన్న మిషన్‌కు ఏటీఎం కార్డు అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలు ఉంటే చాలు.

మిరప కోతలకు పోయే ఆడవాళ్ళ వేళ్ళు అరిగిపోయి ఉంటాయి. మిషన్ మీద వేలు పెడితే "పడలేదమ్మా, మళ్ళీ పెట్టు" అంటారు. మళ్ళీ పెడతారు. మూడోసారి పడుతుంది. మొదటి రెండుసార్లు నిజంగా పడలేదో, డబ్బు పోయిందో చెప్పేది స్లిప్పు ఒక్కటే. పడలేదన్న ప్రతిసారీ స్లిప్పు అడిగి తీసుకోండి. ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ ఉంది. వేసి ఉంచండి, డబ్బు కావాల్సినప్పుడు తీసి మళ్ళీ వేయండి. ఇంత చేస్తూనే ఒక మాట మరవకండి. ఆ ముద్రను అందరికీ కనబడేలా పెట్టింది రైతు కాదు, దస్తావేజు దాచాల్సిన శాఖ.

2. "జిరాక్సే కదా, ఇచ్చేయ్."

ఏ జిరాక్స్ షాపులోనైనా బల్ల కిందికి ఒకసారి చూడండి. సరిగా పడని కాపీలు కట్టలుగా ఉంటాయి. ఫొటో, తండ్రి పేరు, ఊరు, పన్నెండంకెల నంబరు, అన్నీ చదవొచ్చు. పాడైన కాపీ మనదే. అక్కడే అడిగి తీసుకుని చింపేయాలి.

ఆధార్ సంస్థ మాటే ఇక్కడ నిలకడగా లేదు. 2022 మేలో దాని బెంగళూరు కార్యాలయం కాపీలు ఎవరికి పడితే వాళ్ళకు ఇవ్వొద్దని హెచ్చరించింది. రెండు రోజుల్లోనే కేంద్రం ఆ ప్రకటన వెనక్కి తీసుకుంది. అంతకు నాలుగేళ్ళ ముందు, 2018లో, మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో సుమారు 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, కులం, మతం, బ్యాంకు ఖాతాల వివరాలతో సహా బయటికి కనబడ్డాయి. ఇల్లు ఇస్తారని కాగితాలిచ్చిన పేదవాళ్ళవి అవి.

చివరి నాలుగంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. కాగితమే ఇవ్వాల్సి వస్తే దాని మీద అడ్డంగా ఎవరికి, ఎందుకు, ఏ తేదీన ఇస్తున్నారో రాసి ఇవ్వండి.

3. "అన్నిటికీ అలో నొక్కు, లేకపోతే యాప్ తెరుచుకోదు."

పురుగుమందుల కొట్టు అప్పు తీర్చటానికో, పిల్లల కాలేజీ ఫీజుకో లోన్ యాప్ తెరిచినవాడు అలో నొక్కితే ఇచ్చేది తన నంబరొక్కటే కాదు. వియ్యంకుడి నంబరు, మేస్త్రీ నంబరు, ఊళ్ళో ఆడపిల్లల నంబర్లు కూడా. వాయిదా తప్పితే అప్పు తీసుకున్నవాడి ఫొటోలు మార్చి వాళ్ళందరికీ పంపారు. ఆ అవమానం తట్టుకోలేక మన రెండు రాష్ట్రాల్లో ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు. రిజర్వు బ్యాంకు నియమించిన బృందం 2021లో లెక్క తీస్తే దేశంలో సుమారు 1,100 అప్పు యాప్‌లు కనబడ్డాయి, అందులో 600 దాకా అక్రమమైనవే.

2022 సెప్టెంబరు నుంచి నిబంధన స్పష్టంగా ఉంది. అప్పిచ్చే యాప్ మన కాంటాక్టులు, ఫొటోలు, కాల్ రికార్డు ముట్టకూడదు. ముట్టనివ్వమని అడిగిన యాప్ ఆ అడగటంతోనే తన రంగు బయటపెట్టుకుంది. అక్కడే తీసేయండి.

4. "అంత భయమైతే వాట్సాప్ మానేయ్."

2021 జనవరిలో వాట్సాప్ కొత్త షరతులు పెట్టినప్పుడు వీధికొకరు ఇదే చెప్పారు. ధాన్యం బేరం, బడి నోటీసు, దుబాయ్‌లో ఉన్న కొడుకు మాట, అన్నీ ఆ ఒక్క యాప్‌లోనే ఉంటే ఎవరు మానగలరు? మానలేరని తెలిసే కంపెనీ ఒప్పుకోక తప్పని షరతు పెట్టింది. కాంపిటిషన్ కమిషన్ తప్పుపట్టింది కూడా దాన్నే. 2024 నవంబరులో వాట్సాప్ సొంతదారైన మెటాకు 213.14 కోట్ల జరిమానా వేసింది. ప్రకటనల కోసం వివరాలు పంచుకోకూడదన్న ఐదేళ్ళ నిషేధాన్ని అప్పీలు ట్రిబ్యునల్ 2025లో ఎత్తేసినా, జరిమానాను మాత్రం నిలబెట్టింది. ఒక్కొక్కరూ విడివిడిగా యాప్ మానేసి సాధించలేనిది ఫిర్యాదుతో, చట్టంతో కొంతైనా సాధ్యమైంది.

5. "మనవాళ్ళు తీసుకుంటే తప్పేంటి?"

పల్నాడుకు అన్నిటికంటే ఎక్కువ చేటు చేసేది ఈ సలహానే. 2019 ఆగస్టు 15న మొదలైన వాలంటీర్ వ్యవస్థలో యాభై ఇళ్ళకొకరు చొప్పున వివరాలు సేకరిస్తే, ఒక పక్షం డేటా చౌర్యం అంది, రెండో పక్షం గడప దగ్గరికే సేవ అంది. 2025 జనవరి 30న 161 సేవలతో "మన మిత్ర" వాట్సాప్ పాలన మొదలయ్యాక వాదన అదే, పక్షాలు తారుమారయ్యాయి. ఇప్పుడు ప్రజల వివరాలు విదేశీ కంపెనీ చేతికెళ్తున్నాయని అంటున్నది నిన్న సమర్థించినవాళ్ళు.

ఊళ్ళో ఎవరు ఏ పార్టీయో ఇంటి గోడ చూసి చెప్పగలిగిన చోట మనం బతుకుతున్నాం. ఎన్నికల గొడవలకు ఊళ్ళు వదిలిపోయిన కుటుంబాలు ఇక్కడున్నాయి. ఇలాంటి చోట ఎవరికి ఏ పథకం అందుతోంది, ఎవరి ఫోన్ ఏది అన్న జాబితా ప్రభుత్వం మారితే చేతులు మారుతుంది. కాబట్టి ప్రశ్న పార్టీని బట్టి మారకూడదు. ఎందుకు తీసుకుంటున్నారు, ఎవరికి చూపిస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు? మనవాళ్ళనే ముందు అడగాలి, వాళ్ళు మన మాట వింటారు కాబట్టి. 2023 నాటి డేటా రక్షణ చట్టం ప్రకారం అనుమతి అడిగే నోటీసును తెలుగులో చదివే వీలు కల్పించాలి. రక్షణ చర్యల్లో విఫలమైతే 250 కోట్ల దాకా జరిమానా ఉంది. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. ఆ గడువయ్యేదాకా నోరు మూసుకోనక్కర్లేదు. తెలుగు కాగితం చూపించమని ఇప్పటి నుంచే అడగొచ్చు.

6. "ఎవరికి చెప్పినా లాభం లేదు, పరువు పోద్ది."

దొంగలకు అన్నిటికంటే ఎక్కువ సాయం చేసేది ఈ మాట. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ వెంటనే బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పి, అందినట్టు సంతకం తీసుకోండి. 2017 జులై 6 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారం, తప్పు మనదీ బ్యాంకుదీ కాక మధ్యలో మూడోవాడిదైతే, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు చెప్పినవాడి మీద ఒక్క రూపాయి భారం పడకూడదు. ఏడు పనిదినాల లోపైతే భారం పరిమితం. తప్పు ఖాతాదారుడిదేనని రుజువు చేయాల్సింది బ్యాంకే. "నీ నిర్లక్ష్యం వల్లే పోయింది" అని కౌంటర్ దగ్గర కసిరితే, ఆ మాటే రాసిమ్మని అడగండి. మోసపోవటం సిగ్గుపడాల్సిన సంగతి కాదు. పరువు గురించి ఆలోచిస్తూ ఇంట్లో కూర్చుంటే ఆ గడువులు రెండూ దాటిపోతాయి, అప్పుడు నష్టం నిజంగానే మన నెత్తిన పడుతుంది.