విమానాశ్రయ కార్డులపై వినకూడని చిట్కాలు

వ్యాపార పని మీద తరచూ విదేశాలకు వెళ్లేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పుడు వీసా గురించి కన్నా కార్డు గురించే ఎక్కువ మాట్లాడుకుంటున్నారు. అమెరికాలో ఇమిగ్రేషన్ త్వరగా ముగించే గ్లోబల్ ఎంట్రీ, అపెక్ బిజినెస్ ట్రావెల్ కార్డు, మన దేశంలో కొత్తగా వచ్చిన ట్రస్టెడ్ ట్రావెలర్ పథకం. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి ఎవరికి తోచిన సలహా వాళ్లు ఇచ్చేస్తున్నారు. వాటిలో కొన్ని విన్నవాళ్ల డబ్బు పోగొడతాయి, కొన్ని ప్రయాణాన్నే చెడగొడతాయి. నాకు ఎక్కువగా వినపడుతున్నవి తీసుకుని, తప్పెక్కడుందో చెబుతాను.

"అపెక్ కార్డు చేతికొస్తే ఇక వీసాతో పని లేదు."

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే మాట ఇదే, ఎందుకంటే ఇందులో సగం నిజం ఉంది. ఆసియా పసిఫిక్ ఆర్థిక సహకార వేదికనే అపెక్ అంటారు. 1997లో ఆస్ట్రేలియా, దక్షిణ కొరియా, ఫిలిప్పీన్స్ కలిసి ఈ కార్డును ప్రయోగంగా మొదలుపెట్టాయి. ఇప్పుడు అపెక్‌లో ఉన్న 21 సభ్యుల్లో 19 దీన్ని పూర్తిగా అమలు చేస్తున్నాయి. మీరు దరఖాస్తు పెడితే ఆ వివరాలు మిగతా దేశాలకు వెళతాయి, ఏ దేశానికి ఆ దేశం విడిగా ఆమోదం ఇస్తుంది. ఆమోదించిన దేశాల్లో కొద్దికాలం, మామూలుగా 60 నుంచి 90 రోజులు, వ్యాపార పని మీద వీసా లేకుండా ఉండొచ్చు. ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకున్న మన గుంటూరు వ్యాపారి ఆ కార్డుతో ఇండోనేషియా వెళ్లి వస్తున్నాడంటే అది నిజమే.

మిగిలిన రెండు దేశాలు అమెరికా, కెనడా. అవి వీసా మినహాయింపు ఇవ్వలేదు, పుచ్చుకోలేదు. అమెరికా ఈ కార్డు కోసం రెండుసార్లు చట్టం చేసింది. 2011లో అపెక్ శిఖరాగ్ర సమావేశం హోనలూలూలో జరిగింది. ఈ కార్డు బిల్లు మీద అధ్యక్షుడు ఒబామా ఆ నవంబరు 12న సంతకం చేశారు. 2014 జూన్ నుంచి కార్డులు ఇవ్వడం మొదలైంది. ఆ చట్టానికి 2018 సెప్టెంబరు నెలాఖరుతో గడువు తీరేది. హవాయి సెనేటర్ మేజీ హిరోనో తెచ్చిన బిల్లు 2017 నవంబరులో చట్టమై ఆ గడువును తీసేసింది, పథకం శాశ్వతమైంది. అయితే ఈ రెండు చట్టాల్లో దేనిలోనూ వీసా రద్దు లేదు. అమెరికా పౌరుడి చేతిలో ఉన్న అపెక్ కార్డు విదేశీ విమానాశ్రయాల్లో ప్రత్యేక లైనులో నిలబడనిస్తుంది, అంతవరకే. ఆ కార్డును నమ్ముకుని వీసా లేకుండా వియత్నాం బయల్దేరితే, ఎయిర్‌లైన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. వేరే దేశపు అపెక్ కార్డుతో అమెరికాలో దిగేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. వీసానో, తమ దేశానికి వీలుంటే ముందస్తు ఆన్‌లైన్ అనుమతో, ఏదో ఒకటి ఉండి తీరాలి.

ఇంకో సంగతి కూడా గట్టిగా చెప్పాలి. భారతదేశం అపెక్ సభ్యదేశం కాదు కాబట్టి మన ప్రభుత్వం ఈ కార్డు ఇవ్వదు. అమెరికా ఇచ్చే కార్డు ఆ దేశ పౌరులకే. హెచ్1బీ వాళ్లకు రాదు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకూ రాదు. పౌరులకైనా ముందు గ్లోబల్ ఎంట్రీ వంటి సభ్యత్వం ఉండాలి, ఆ పైన 70 డాలర్ల రుసుము కట్టాలి. క్రీడాకారులు, విలేకరులు, గాయకులు, నటులు వృత్తి పని మీద తిరిగినా నిబంధనల లెక్కలో వ్యాపారులు కారు. తెలుగు సభలకు కచేరీలు చేయడానికి దేశాలు తిరిగే అమెరికా తెలుగు కళాకారులు ఇది గమనించాలి. హైదరాబాద్‌లో కూర్చుని భారత పాస్‌పోర్టు మీద అపెక్ కార్డు తెప్పిస్తామని ఎవరైనా అంటే, వాళ్లకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు తెరిచి ఉన్నవి రెండు. అమెరికా గ్లోబల్ ఎంట్రీ 2017 నుంచి మనవాళ్లకూ ఉంది. రుసుము 2024 అక్టోబరు నుంచి 120 డాలర్లు, సభ్యత్వం అయిదేళ్లు. రెండోది మొదట చెప్పిన ట్రస్టెడ్ ట్రావెలర్ పథకం, అంటే మన హోం శాఖ నడిపే ఫాస్ట్ ట్రాక్ ఇమిగ్రేషన్. 2024 జూన్ 22న ఢిల్లీలో మొదలై, 2025 జనవరిలో శంషాబాద్‌కూ మరో ఆరు విమానాశ్రయాలకూ వచ్చింది.

"ఏజెంటుకు ఇచ్చేస్తే అన్నీ వాళ్లే చూసుకుంటారు."

చూసుకోలేరు. మన పథకం భారతీయులకూ ఓసీఐ కార్డున్నవాళ్లకూ ఉచితంగా మొదలైంది. ప్రభుత్వ వెబ్‌సైటులో పాస్‌పోర్టు, ఫొటో, చిరునామా రుజువు అప్‌లోడ్ చేస్తే సరిపోతుంది. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. ఆమోదం వచ్చాక వేలిముద్రలు, ముఖం ఫొటో ఇవ్వడానికి మీరే వెళ్లాలి. గ్లోబల్ ఎంట్రీకి మన పోలీస్ వెరిఫికేషన్ ఉంటుంది, ఆ తర్వాత అధికారి ఎదుట ఇంటర్వ్యూ. అక్కడ మీ తరఫున ఏజెంటు కూర్చోడు. ఫారంలో అతను రాసిన అబద్ధానికి జవాబు చెప్పాల్సింది మీరే.

"రాజీ అయిపోయిన పాత కేసే కదా, రాయకు."

మంచి ఉద్దేశంతో ఇచ్చే చెడ్డ సలహా ఇది. చెక్ బౌన్స్, పొలం గట్టు తగాదా, కుటుంబ గొడవలో పెట్టిన కేసు. మన ఊళ్లలో ఇవి లేని కుటుంబాలు తక్కువ. అడిగిన చోట దాన్ని దాచారనుకోండి, అసలు కేసు కన్నా దాచడమే పెద్ద తప్పు అవుతుంది. తప్పుడు సమాచారం గానీ అసంపూర్ణ సమాచారం గానీ ఇస్తే గ్లోబల్ ఎంట్రీ తిరస్కరించడానికి అదే చాలు. కోర్టు ఉత్తర్వు కాపీ సంపాదించి, ఉన్నది ఉన్నట్టు రాసి, ఇంటర్వ్యూకు కాగితాలు వెంట తీసుకెళ్లండి. నిబంధనలో ఇంకో మాట కూడా ఉంది. ఏ దేశంలోనైనా సరే, కస్టమ్స్ చట్టాన్ని ఉల్లంఘించినట్టు తేలితే అనర్హతే. దుబాయ్ నుంచి చెప్పకుండా బంగారం తెచ్చి శంషాబాద్‌లో పట్టుబడ్డ వ్యవహారం అమెరికా దరఖాస్తుకూ అడ్డం పడుతుంది.

"కార్డున్నవాళ్ల పెట్టెలు తెరవరు, డిక్లేర్ చేయొద్దు."

ఈ మాట మన ఇళ్లలోకి నేరుగా వచ్చేస్తుంది. కొడుకు తెల్లవారుజామున డాలస్ వెళుతున్నాడు. పెట్టె సర్దడం అయిపోయాక అమ్మ పెరట్లోకి వెళ్లి నాలుగు రెబ్బలు కరివేపాకు కోసి, తడి గుడ్డలో చుట్టి, కారప్పొడి డబ్బా పక్కన దూరుస్తుంది. అతనికి తెలియను కూడా తెలియదు. పచ్చి కరివేపాకు అమెరికాలోకి అనుమతించరు. నిమ్మ, నారింజ చెట్లకు గ్రీనింగ్ తెగులు అంటించే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. ఆ తెగులు 2005లో ఫ్లోరిడాలో బయటపడి, అక్కడి నారింజ తోటలను కోలుకోలేని దెబ్బ తీసింది. అందుకే అంత పట్టుదల. కోడి, మేక మాంసం పచ్చళ్లనూ అనుమతించరు.

కార్డున్నవాళ్లను ఎప్పుడైనా ఆపి పెట్టె తెరిపించే అధికారం అక్కడి అధికారులకుంది. మామూలు ప్రయాణికుడికి జరిమానాతో పోయేది, గ్లోబల్ ఎంట్రీ సభ్యుడికి సభ్యత్వం పోయేదాకా వస్తుంది. అది పోతే దాని మీద ఆధారపడిన అపెక్ కార్డుకూ అర్హత పోతుంది. తినే వస్తువు ఏదున్నా, కాకినాడ కాజా అయినా సరే, అధికారికి నోరు తెరిచి చెప్పండి. చెప్పినందుకు ఎవరూ కార్డు తీసెయ్యరు. మహా అయితే ఆ వస్తువు అక్కడ వదిలేసి వస్తారు.

టికెట్ కొన్నాక దరఖాస్తు పెట్టమనేవాళ్ల మాట వినకండి. గ్లోబల్ ఎంట్రీ పరిశీలనకు నెలలు కూడా పట్టొచ్చు. పాస్‌పోర్టు మారితే కొత్త నంబరు నమోదు చేయించడం మర్చిపోకండి.

"చట్టం శాశ్వతమైంది కాబట్టి మన కార్డు ఎవరూ తీయలేరు" అన్నది ఈమధ్య వినిపిస్తున్న ధీమా. శాశ్వతమైంది అపెక్ కార్డు పథకం. మీ సభ్యత్వానికి ఆ భరోసా లేదు. 2020 ఫిబ్రవరిలో న్యూయార్క్ రాష్ట్ర ప్రభుత్వం డ్రైవింగ్ లైసెన్సుల రికార్డులు కేంద్ర అధికారులకు ఇవ్వనన్నందుకు, ఆ రాష్ట్రవాసుల గ్లోబల్ ఎంట్రీ దరఖాస్తులు, రెన్యువల్స్ అన్నీ ఆపేశారు. ఏ తప్పూ చేయని వ్యాపారులు జూలై దాకా ఎదురుచూశారు. ఇది హక్కు కాదు, ప్రభుత్వం ఇచ్చే వెసులుబాటు. ముఖ్యమైన మీటింగు ఉంటే మామూలు లైనుకు పట్టే సమయం కూడా లెక్కలో వేసుకునే టికెట్ కొనండి.

ఈ నెలలో దరఖాస్తు పెట్టాలనుకుంటే ఒక గంట తీరిక చేసుకుని, ప్రభుత్వ వెబ్‌సైటు మీరే తెరిచి, ప్రతి గడీ మీ చేత్తోనే నింపండి. బయల్దేరే రాత్రి పెట్టె మూసేముందు ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి, అందులో ఏమేం పెట్టారో అడిగి తెలుసుకోండి.