పలకలు బాగున్నాయి, మనుషులేరీ?

మా రోజుల్లో కొచ్చి మట్టాంచేరిలోని జ్యూ టౌన్ అంటే మిరియాల ఘాటు, అల్లం బస్తాలు, బేరగాళ్ల కేకలు. ఇప్పుడు వెళ్లి చూడండి! పాత ఇత్తడి సామాన్లు, కశ్మీరు శాలువలు, "రండి సార్, ఊరికే చూసిపోండి సార్" అనే పిలుపులు.

ఉద్యోగరీత్యా నేనక్కడున్నప్పుడే పరదేశి సినగాగ్‌కి నాలుగొందల ఏళ్లు నిండాయి. 1568లో కొచ్చి రాజు తన కోట పక్కనే స్థలమిస్తే యూదులు కట్టుకున్న ప్రార్థనామందిరం అది. 1662లో పోర్చుగీసులు పాడుచేస్తే, డచ్చివాళ్లు వచ్చాక మళ్లీ నిలబెట్టుకున్నారు. 1968 ఉత్సవానికి ప్రధాని ఇందిరాగాంధీ వచ్చారు. తపాలా బిళ్ల కూడా వేశారు.

మా రోజులన్నీ బంగారమని నేననను. తెల్ల యూదులమనుకునేవాళ్లు, బానిసల సంతతివారని కొందరిని ఆ మందిరంలో సమానంగా కూర్చోనిచ్చేవారు కాదు. వకీలు ఎ.బి. సాలెం అక్కడే సత్యాగ్రహం చేసి ఆ అడ్డు తొలగించాడు. ఆయన్ని యూదు గాంధీ అనేవారు. ఏమైతేనేం, పోట్లాడుకోవడానికైనా మనుషులుండేవారు!

1948లో ఇజ్రాయెల్ ఏర్పడింది. ఆ తర్వాత కొచ్చి యూదుల్లో చాలామంది అక్కడికి వెళ్లిపోయారు. ఎవరూ తరమలేదు, తమ ఇష్టంతోనే కదిలారు. ఈ మందిరానికి చెందిన పరదేశి యూదు కుటుంబాలు నిదానంగా వెళ్లాయి. సామూహిక ప్రార్థనకు వయసొచ్చిన మగవాళ్లు పదిమంది ఉండాలి. రానురాను ఆ పదిమందే కరువయ్యారు. వీధిలో ఇల్లిల్లూ దుకాణమైపోయింది. 2019లో ఆ పరదేశి యూదుల్లో ఒకరైన 96 ఏళ్ల సారా కోహెన్ కన్నుమూస్తే పత్రికలన్నీ రాశాయి. బతికుండగా ఆ సమాజం గురించి ఎంతమంది రాశారు?

ఇప్పుడు మనవాళ్లు టూరిస్టు బస్సుల్లో దిగుతారు. చెప్పులు విడిచి, నేలమీది చైనా పలకల్లో ఒకదాని బొమ్మ ఇంకోదానికి ఉండదని గైడు చెప్తే వంగి వంగి చూస్తారు. బెల్జియం షాండిలియర్లు చూసి నోరు వెళ్లబెడతారు. గడియార స్తంభం ముందు సెల్ఫీ దిగుతారు. "ఇక్కడ ప్రార్థన చేసేవాళ్లు ఏమయ్యారు?" అని అడిగినవాడు నాకు కనబడలేదు.

సరే, కొచ్చి దూరం. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అని తెలుగు మాట్లాడే యూదు సమాజం ఉందని మీలో ఎంతమందికి తెలుసు? వాళ్ల సినగాగ్‌లో చైనా పలకలు లేవు, షాండిలియర్లు లేవు. శనివారం ప్రార్థన ఉంది, చేసే మనుషులున్నారు. అటువైపు వెళ్తే ఫోను జేబులో పెట్టి, వాళ్లతో కాసేపు మాట్లాడి రండి.