జల్లెడ ధర్మకర్త

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలో, కుమారుని సంసారము చూచి వచ్చుటకై అమెరికా వెళ్ళి ఆరు మాసములుండి తిరిగివచ్చిన పెద్దమనుష్యులు ఇప్పుడు వీధికొకరైనను కనబడుదురు. వారిలో నయాగరాను వర్ణించువారు కొందరు, అచ్చటి రహదారులను కీర్తించువారు కొందరు. ఈ రెంటిని గూర్చియు మాటమాత్రమైన ననక, బట్టలారబెట్టు యంత్రములో పేరుకొను నూగును గూర్చియే ప్రసంగించు మూడవ తెగవాడొకడు కలడు. నేను వర్ణింపబూనినది ఆతనినే.

ఈతడు మిర్యాలగూడ పారాబాయిల్డ్ రైసుమిల్లులో చిరకాలము గుమాస్తాగా నుండి హమాలీలను, లారీడ్రైవర్లను కంటిచూపుతో నడిపినవాడో, సూర్యాపేట హైస్కూలులో లెక్కలు చెప్పి రిటైరైనవాడో అయియుండును. అట్టివాడు డల్లాసు చెంత కొడుకింట కాలుపెట్టినది మొదలు అధికారహీనుడగును. కారు నడుపరాదు, టీవీ రిమోటు మనుమని వశము, వంటయిల్లు కోడలి వశము, నడచిపోయి పలుకరింపదగిన కిరాణాకొట్టు కనుచూపుమేరలో లేదు. ఇంటి వెనుక దండెము కట్టి, కనీసము తన పంచెయైన నారవేసికొందమన్న, అది అచ్చటి చాల కాలనీల సంఘములకు గిట్టదు. ఇట్లు దినములు దొర్లించుచుండగా, ఒక శనివారము డ్రయ్యరు తలుపు దగ్గరి జల్లెడను పైకి లాగి, దానికంటియున్న బూడిదవన్నె దూదిపొరను చూచిన క్షణముననే ఆతనికి ఉద్యోగము దొరకినది.

ఆ ఉద్యోగము అల్పమైనదని తలచువారు దాని శాస్త్ర మెరుగనివారు. బట్టల తొట్టిగుండ వేడిగాలి ప్రవహించును. ఆ గాలి తేమతోపాటు నూలుబట్టల నుండి రాలిన పోగులను మోసికొని, జల్లెడ దాటి, గొట్టముగుండ ఇంటి వెలుపలికి పోవును. జల్లెడ పూడుకొనెనా, గాలి ఆడదు, గంటలో ఆరవలసిన తువ్వాళ్ళు రెండు గంటలైనను ఆరవు, కరెంటు ఖర్చగును, యంత్రము కాగును, ఆ నూగు నిప్పురవ్వకై కాచుకొనియుండును. అమెరికా అగ్నిమాపక శాఖవారు 2008-2010 సంవత్సరముల లెక్కలు తీసి, ఇండ్లలో ఏటేట సుమారు 2,900 డ్రయ్యరు అగ్నిప్రమాదములు జరుగుచున్నవనియు, వానికి మొదటి కారణము శుభ్రము చేయకపోవుటయేయనియు తేల్చిరి. ఈ సంఖ్య మనవానికి తన పెండ్లితేదీకంటె బాగుగా జ్ఞాపకముండును.

అది మొదలు యంత్రము ఆగి గంట మ్రోగుటయే తడవుగా ఆతడచ్చట ప్రత్యక్షము.

“అమ్మా, జల్లెడ తీసినవా?”

“తీసిన, మామయ్యా.”

“తీసి చూసినవా, తీసి తుడిచినవా?”

పరిమళము కొఱకు బట్టలతో వేయు కాగితములు జల్లెడపై కంటికానని జిడ్డుపొరను వదలునని ఎచ్చటనో విని, దానిని కొళాయి క్రింద పట్టి, నీరు జారక నిలుచుటను ఇంటిల్లిపాదికిని చూపి, సబ్బునీటితో తోమి, పూర్తిగ ఆరినదాక ఎవ్వరిని యంత్రము ముట్టనీయడు. ఆదివారములందు యంత్రమును గోడనుండి జరిపించి వెనుకటి గొట్టమును పరీక్షించును. వెలుపలి గోడకున్న రేకుమూత గాలికి తెరచుకొనుచున్నదో లేదో యని లుంగీతో నిలిచి గోడవంక తదేకముగా చూచు ఈ వృద్ధుని గూర్చి పొరుగుదొర ఏమనుకొనెనో మన మెరుగము.

అయితే ఆతని ప్రజ్ఞ పరాకాష్ఠ నందినది నూగును గుర్తించుటలో. మిల్లులో ధాన్యపు మచ్చును అరచేత బోసికొని నలిపి చూచునట్లు నూగును నలిపి, ఇది క్రొత్త తువ్వాలుదనియు, ఇది మనుమని నీలిచొక్కాదనియు, ఇది కోడలు యంత్రములో వేయరాదని చెప్పినను వేసిన పోచంపల్లి దుప్పటిదనియు తీర్పు చెప్పును. ఆ తీర్పు ఒక్కనాడును తప్పినది కాదు. ఆతడనిన ఇంటివారికి భయము కలుగుటకు కారణ మదియే.

ఇట్టివాడు స్వస్థలము చేరిన పిమ్మట పడు బాధ చూడ హృదయము కరగును. కోదాడలో మేనకోడలింటి సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీన్‌లో వ్రేలాడు జాలీసంచిని తిరుగవేసి, కొన్ననాటి నుండి దానిని దులిపినవారు లేరని కనుగొని, భోజనము మాని ఉపన్యసించెను. ఇక సూర్యాపేటలో స్వగృహముననో, యంత్రమే లేదు. మే మాసమున డాబాపై లుంగీ ఆరవేసి మెట్లు దిగునంతలో అది పెళపెళలాడును. నూగంతయు ఎవరి లెక్కకును చిక్కక గాలిపాలగుచుండుట చూచి ఆతడు నిట్టూర్చుచుండగా, భార్య, “ఎండకు జల్లెడ యాడుంటదో నువ్వే దేవులాడుకో” యని బకెట్టు తీసికొని క్రిందికి పోవును.

కావున ఉదయము కాఫీ ముగియగనే, అచ్చట రాత్రి భోజనముల వేళయని యెరిగియు, ఆతడు డల్లాసుకు వీడియో కాల్ చేయును; జల్లెడ ఫోటో పంపుమని కోడలి నడుగును. ఆమె వినయవంతురాలు, వెంటనే పంపును. ఆతడు కళ్ళద్దములు సవరించుకొని, ఫోటోను వ్రేళ్ళతో పెద్దది చేసి, చాలసేపు చూచి, మృదువుగా ననును:

“ఇది మొన్నటిదే గద, అమ్మా. ఆ మూలకున్న నీలినూగు నాకు యాదికున్నది. పోయి ఇయ్యాల్టిది తీసి పంపు. నేను లైన్లనే ఉంట.”